ఇరవై మందిలో తొమ్మిది మంది: వృత్తివిద్యలో లెక్క ఎలా రాయాలి

మధ్యాహ్నం మూడు గంటలకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. "గత బ్యాచ్‌లో ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది? ట్రేడ్‌వారీగా సాయంత్రం ఐదులోగా పంపండి. మోస్ట్ అర్జెంట్." వృత్తివిద్యా సంస్థల్లో పనిచేసేవారికి ఈ మెసేజ్ కొత్త కాదు. ఒక ఐటీఐని ఊహించుకుందాం. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్ వర్క్‌షాపులోనే స్టూలు లాక్కుని కూర్చుంటాడు. పాత అటెండెన్స్ రిజిస్టరు తెరిచి, పేర్ల మీద వేలు జరుపుతూ గుర్తు చేసుకుంటాడు. ఈ అబ్బాయి పటాన్‌చెరులో ఏదో కంపెనీలో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఇతను బావ దగ్గర మోటారు వైండింగ్ పని చేస్తున్నాడు, మరి దాన్ని ఉద్యోగం అనాలా వద్దా? ఇంకొకడు కువైట్ వెళ్తానన్నాడు, వెళ్లాడో లేదో. అయిదుకు పది నిమిషాలుండగా ఆయన "14" అని రాసి పంపేస్తాడు.

ఆ పద్నాలుగు జిల్లా షీటులో కలుస్తుంది, రాష్ట్రం లెక్కలో కలుస్తుంది, చివరికి ఏదో నివేదికలో శాతంగా మారుతుంది. ఏ ట్రేడులో సీట్లు పెంచాలో, ఏ వర్క్‌షాపుకు కొత్త మిషన్లు ఇవ్వాలో ఆ శాతాన్ని చూసే నిర్ణయిస్తారు. ఇన్‌స్ట్రక్టర్ అబద్ధమేమీ చెప్పలేదు. తనకు తెలిసినంతా రాశాడు. పిల్లలు బయటికి వెళ్లాక ఏమయ్యారో తెలుసుకునే ఏర్పాటు మాత్రం ఆ సంస్థలో లేదు. ఈ అధ్యాయం ఆ ఏర్పాటు గురించే.

ఇప్పుడు దీని అవసరం ఎక్కువైంది. దేశంలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను ఆధునికీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. దాని అంచనా ఖర్చు 60,000 కోట్ల రూపాయలు. ఇంత డబ్బు కదులుతున్నప్పుడు ఎక్కడ పెట్టాలి, పెట్టినందుకు ఏం మారింది అన్న ప్రశ్నలు తప్పవు. ఐటీఐ పట్టభద్రుల మీద 2018లో వెలువడిన ట్రేసర్ స్టడీ (పాసైనవారు తర్వాత ఏమయ్యారో చూసే అధ్యయనం), పాసైనవారిలో 63.5 శాతం మందికి ఉపాధి దొరికిందని చెప్పింది. స్వయం ఉపాధిలో ఉన్నవారు కూడా అందులోనే ఉన్నారు. అది దేశం మొత్తానికి వేసిన లెక్క. ఒక్కొక్క సంస్థకూ తన సొంత లెక్క కావాలి.

అమెరికా చట్టం నేర్పే పాఠం

వృత్తివిద్య విద్యార్థుల వివరాలను ఎలా సేకరించాలో, ఎలా నివేదించాలో చట్టంలోనే రాసుకున్న దేశం అమెరికా. అక్కడ వృత్తివిద్యకు కేంద్ర నిధులు 1917లో స్మిత్-హ్యూస్ చట్టంతో మొదలయ్యాయి. కెంటకీకి చెందిన కార్ల్ డి. పెర్కిన్స్ ప్రతినిధుల సభలో విద్య, కార్మిక వ్యవహారాల కమిటీకి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. ఆయన 1984 ఆగస్టులో మరణించాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన వృత్తివిద్య చట్టానికి ఆయన పేరు పెట్టారు. 1990లో, 1998లో, 2006లో దాన్ని సవరించి కొనసాగించారు. 2018 జూలై 31న సంతకం పడిన తాజా రూపాన్ని అక్కడివారు 'పెర్కిన్స్ ఫైవ్' అంటారు.

ఆ చట్టంలో మన పనికొచ్చే అసలు విషయం ఒక నిర్వచనం. హైస్కూల్లో ఒకే వృత్తి కోర్సుల వరసలో కనీసం రెండు కోర్సులు పూర్తి చేసిన విద్యార్థిని 'కాన్సెంట్రేటర్' అన్నారు. ఒక్క కోర్సు పూర్తి చేసినవారు 'పార్టిసిపెంట్'. కాలేజీ స్థాయిలో అయితే ఆ ప్రోగ్రాంలో 12 క్రెడిట్లు సంపాదించాలి. ప్రోగ్రాం మొత్తం 12 క్రెడిట్ల కంటే చిన్నదైతే దాన్ని పూర్తి చేయాలి. గ్రాడ్యుయేషన్ శాతం, చదువు తర్వాత ఉద్యోగం వగైరా ఫలితాలన్నీ కాన్సెంట్రేటర్ల మీదే లెక్కిస్తారు.

ఇంత పట్టుదలగా ఎందుకు నిర్వచించారు? 2006 నాటి చట్టం కింద కాన్సెంట్రేటర్ అంటే ఎవరో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చెప్పుకునేది. ఒక రాష్ట్రం రెండు కోర్సులు చాలంటే ఇంకోటి మూడు కావాలనేది. అలాంటప్పుడు రెండు రాష్ట్రాల శాతాలను పక్కపక్కన పెట్టి చూసినా అర్థం తేలదు. శాతం లెక్కలో పై అంకె ఒకటే అయినా కింది అంకె మారితే మొత్తం లెక్కే మారిపోతుంది.

మొదటి పని: కింది అంకె తేల్చుకోవడం

మన ఇన్‌స్ట్రక్టర్ బ్యాచ్ దగ్గరికే వద్దాం. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఇరవై మంది చేరారు. పదహారు మంది చివరి పరీక్ష రాశారు. పన్నెండు మంది పాసయ్యారు. పాసైనవారిలో తొమ్మిది మంది పనిలో ఉన్నారు. ఇప్పుడు ప్లేస్‌మెంట్ ఎంత శాతం?

పాసైనవారి మీద లెక్కిస్తే 75. పరీక్ష రాసినవారి మీద 56. చేరినవారి మీద 45. మూడూ నిజమే. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కంపెనీవాళ్లకు మొదటిది కావాలి, ఎందుకంటే వాళ్లు సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే చూస్తారు. పదో తరగతి అయ్యాక కొడుకును ఎక్కడ చేర్పించాలో తేల్చుకోలేక గేటు దగ్గర నిలబడిన తండ్రికి మూడోది కావాలి. ఆయన అడిగేది ఒక్కటే: "ఇక్కడ చేరిస్తే మావాడు ఒడ్డున పడతాడా సార్?"

కాబట్టి ప్రతి రిపోర్టులో శాతం పక్కన "ఇంతమందిలో ఇంతమంది" అని రెండు అంకెలూ రాయాలి. "75 శాతం" అని ఊరుకోకుండా "పాసైన 12 మందిలో 9 మంది" అనాలి. ఇందాకటి ఇన్‌స్ట్రక్టర్ రాసిన పద్నాలుగులో ఇద్దరు అసలు పరీక్షే రాయకుండా మానేసి పనిలో చేరినవారు. ఇంకొకరు పాలిటెక్నిక్‌లో చేరారు, ఇంకొకరు ఖాళీగా ఉన్నారు, మరొకరి సంగతి ఎవరికీ తెలియదు. కింది అంకె ముందే రాసిపెట్టుకుని ఉంటే ఆ అయిదుగురూ పై అంకెలోకి వచ్చేవారే కాదు.

ఈ పని విద్యాసంవత్సరం మొదట్లోనే చేయాలి. ఒక తెల్లకాగితం మీద నాలుగు మాటలకు అర్థం రాసుకుని, స్టాఫ్ అంతా సంతకం పెట్టి, ఆఫీసులో గోడకు అంటించాలి. 'చేరినవారు' అంటే ఫీజు కట్టినవారా, మొదటి నెల క్లాసుకు వచ్చినవారా? 'మానేసినవారు' అంటే టీసీ తీసుకున్నవారేనా, ఎన్ని వారాలుగా రానివారా? 'పూర్తి చేసినవారు' అంటే పరీక్ష రాసినవారా, పాసైనవారా? 'పనిలో ఉన్నవారు' అన్నదాంట్లో అప్రెంటిస్‌షిప్ కలుస్తుందా, సొంత దుకాణం కలుస్తుందా? పై ఆఫీసు తన నిర్వచనం ఇస్తే అది పాటించాలి. ఇవ్వకపోతే తమ నిర్వచనాన్ని రిపోర్టు అడుగున ఒక్క వాక్యంలో రాసి పంపాలి.

ఇంకొకటి, తేదీ. ఏ రోజున లెక్కించామన్నది కూడా లెక్కలో భాగమే. చాలా తెలుగు కుటుంబాలు స్థిరపడిన టెక్సాస్‌లో ప్రభుత్వ బడులన్నీ ఏటా అక్టోబరు చివరి శుక్రవారం రోజున ఉన్న విద్యార్థుల స్థితిని రాష్ట్ర విద్యాశాఖకు నివేదిస్తాయి. ఆ రోజు రోల్స్‌లో ఉన్నవారే లెక్క. అలాంటి ఒక తేదీ ప్రతి సంస్థకూ ఉంటే, జూలైలో ఒక సంఖ్య, నవంబరులో ఇంకో సంఖ్య వచ్చాయన్న గొడవ తగ్గుతుంది.

రెండో పని: ఒక మనిషికి ఒకే వరస

తెలుగువారి పేర్లతో ఉన్న తిప్పలు డేటా ఎంట్రీ చేసేవారికే తెలుసు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క అక్షరంగా మిగులుతుంది. 'వెంకటలక్ష్మి' ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. ఇంగ్లీషులో రాసేటప్పుడు 'లక్ష్మి'లో ఒక హెచ్ ఎక్కువో తక్కువో అవుతుంది. అడ్మిషన్ రోజు హడావిడిలో ఇవేవీ ఎవరూ పట్టించుకోరు. రెండేళ్ల తర్వాత నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ చేతికొచ్చాక, కంపెనీ హెచ్‌ఆర్ కౌంటర్ దగ్గర ఆ అమ్మాయిని ఆపేస్తారు. "మెమోలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. సరిచేయించుకుని రా అమ్మా." ఆ దిద్దుబాటు కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

దీనికి మందు అడ్మిషన్ రోజునే ఉంది. ఎస్సెస్సీ మెమోను పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి టైప్ చేయాలి. టైప్ చేసింది ప్రింటు తీసి విద్యార్థి చేతికివ్వాలి. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, ఫొటో తానే చూసుకుని, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాలి. ఇరవై మందికి గంట పని. ఆధార్‌లో తేడా ఉంటే ఆ రోజే చెప్పి పంపాలి. సరిచేయించుకోవడానికి విద్యార్థి చేతిలో ఇంకా రెండేళ్లు ఉన్నాయి.

పేరును బట్టి మనిషిని గుర్తించే పద్ధతి మానుకోవాలి. పాఠశాల స్థాయిలో బడుల సమాచారం సేకరించే యూడైస్ ప్లస్ వ్యవస్థ 2022-23 నుంచి బడులవారీ మొత్తాలతో ఆగకుండా ఒక్కొక్క విద్యార్థి వివరాలు విడివిడిగా తీసుకుంటోంది. ప్రతి ఒక్కరికీ ఒక శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. ఐటీఐలోనూ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. సంస్థ లోపల ఉండే ప్రతి షీటులో, అటెండెన్స్ అయినా స్కాలర్‌షిప్ అయినా ఓజేటీ (కంపెనీలో చేసే శిక్షణ) అయినా, మొదటి కాలమ్ ఆ నంబరే కావాలి. అప్పుడు ఒకే క్లాసులో ముగ్గురు సాయికిరణ్‌లు ఉన్నా చిక్కు రాదు.

మూడో పని: జరిగినప్పుడే రాయడం

ఏడాది చివర కూర్చుని ఏడాదంతా గుర్తుచేసుకుంటే తప్పులే మిగులుతాయి. అందుకే సేకరణను నాలుగైదు చిన్న సందర్భాలుగా విడగొట్టుకోవాలి. చేరిన రోజు, మొదటి నెల చివర, ప్రతి మూడు నెలలకోసారి, పరీక్షకు ముందు వారం, బయటికి వెళ్లిన ఆర్నెల్లకు. ఒక్కో సందర్భంలో అడిగేవి ఆరేడు ప్రశ్నలకు మించకూడదు. ఒక కాలమ్ కొత్తగా పెట్టేముందు స్టాఫ్ తమను తాము అడగాల్సింది ఇది: ఈ సమాధానం తెలిస్తే మేం ఏ పని వేరేగా చేస్తాం? జవాబు లేకపోతే ఆ కాలమ్ అక్కర్లేదు.

వీటిలో పరీక్షకు ముందు వారం చాలా విలువైనది. బ్యాచంతా ఒక్కచోట కూర్చుని ఉండే చివరి రోజులు అవే. అప్పుడు తీసుకోవాల్సింది ఫోన్ నంబర్లు. అడ్మిషన్ ఫారంలో ఉన్నది చాలాసార్లు నాన్న నంబరు, రెండేళ్ల కిందటిది. ఈలోగా సిమ్ మారిపోయి ఉంటుంది. అందుకే మూడు నంబర్లు రాయించుకోవాలి. ఒకటి విద్యార్థిది. రెండోది ఇంట్లో ఎప్పుడూ ఉండేవారిది, సాధారణంగా అమ్మదో నానమ్మదో. మూడోది బ్యాచ్‌లో దగ్గరి స్నేహితుడిది. పిల్లలు ఊళ్లు మారినా, దేశాలు మారినా స్నేహితుల దగ్గర మాత్రం కొత్త నంబరు ఉంటుంది.

మానేసినవారి గురించి రాయడం అందరూ మర్చిపోయే పని. పేరు కొట్టేసి పక్కన 'లెఫ్ట్' అని రాస్తారు. ఆ ఒక్క మాట వెనుక బస్సు టైమింగ్ ఉండొచ్చు, తండ్రి ఆరోగ్యం ఉండొచ్చు, మొదటి ఏడాది లెక్కలు అర్థంకాక భయపడటం ఉండొచ్చు. వారం రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేసి, తెలిసిన కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోవాలి. ఏడాది తర్వాత ఆ వాక్యాలన్నీ ఒకచోట పెట్టి చదివితే సంస్థ గురించి సంస్థకే తెలియని సంగతులు బయటపడతాయి.

నాలుగో పని: గేటు దాటాక

చదువు అయిపోయాక విద్యార్థి ఎక్కడున్నాడో ఎప్పుడు చూడాలి? పెర్కిన్స్ చట్టం దానికి ఒక సమయం పెట్టింది. కోర్సు ముగిసిన తర్వాత వచ్చే రెండో త్రైమాసికం. జూన్‌లో బయటికొచ్చినవారిని అక్టోబరు-డిసెంబరు మధ్య చూస్తారన్నమాట. ఆ సమయానికి పై చదువుల్లో ఉన్నా, ఉద్యోగంలో ఉన్నా, సైన్యంలో చేరినా, మరింత శిక్షణలో ఉన్నా, చట్టం గుర్తించిన స్వచ్ఛంద సేవలో ఉన్నా ఆ విద్యార్థిని నిలదొక్కుకున్నట్టే లెక్కిస్తారు.

అమెరికా రాష్ట్రాలు ఇందుకు యజమానులు ప్రతి త్రైమాసికం నిరుద్యోగ బీమా కోసం సమర్పించే జీతాల రికార్డులను విద్యార్థుల జాబితాతో పోల్చి చూడగలవు. వినడానికి సులువుగా ఉంది కానీ అందులోనూ సందులున్నాయి. సొంతంగా పని చేసుకునేవారు ఆ రికార్డుల్లో ఉండరు. సైన్యంలో ఉన్నవారు ఉండరు. పక్క రాష్ట్రానికి వెళ్లినవారిని పట్టుకోవడం కష్టం. కాబట్టి అక్కడ కూడా ఫోన్లు, సర్వేలు తప్పవు.

మన దగ్గర ఐటీఐకి ఫోనే దిక్కు. ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. పగలు చేస్తే షాప్ ఫ్లోర్‌లో ఫోన్ లాకర్‌లో ఉంటుంది. రాత్రి షిఫ్ట్ చేసేవాడు మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు. ఆదివారం సాయంత్రం ఏడు దాటాక ఎత్తేవారు ఎక్కువ. ఎవరు చేయాలన్నది ఇంకా ముఖ్యం. ఆఫీసు నుంచి తెలియని గొంతు వస్తే "తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తారు. రెండేళ్లు పాఠం చెప్పిన సార్ చేస్తే అలా ఉండదు.

"ఏరా, ఎలా ఉన్నావు? ఎక్కడ చేస్తున్నావిప్పుడు?"

"నమస్తే సార్! శ్రీసిటీలో సార్. ఏసీలు తయారుచేసే కంపెనీ."

"మంచిది. పర్మనెంటా, కాంట్రాక్టా?"

"కాంట్రాక్టు సార్. ఏజెన్సీ మీద."

"చేతికెంత వస్తోంది? పీఎఫ్ కడుతున్నారా?"

"కటింగులు పోను పద్నాలుగు వేలు సార్. పీఎఫ్ ఉంది."

"ఎలక్ట్రికల్ పనేనా?"

"కాదు సార్... ప్యాకింగ్‌లో పెట్టారు."

ఆ చివరి జవాబు కోసమే ఈ ఫోన్. 'పనిలో ఉన్నాడు' అన్న కాలమ్‌లో టిక్ పడుతుంది, నిజమే. కానీ నేర్చుకున్న ట్రేడుకు సంబంధించిన పనిలో లేడు. ఈ రెండింటికీ రెండు కాలమ్‌లు ఉండాలి. తొమ్మిది మందిలో నలుగురు ట్రేడ్ పనిలో, అయిదుగురు ప్యాకింగ్‌లోనో సెక్యూరిటీలోనో ఉన్నారంటే, ఆ సంస్థ ఆలోచించుకోవాల్సింది చాలా ఉంది.

అలాగే మోటారు వైండింగ్ చేసే కుర్రాడిని ఎక్కడా రాయకుండా వదిలేయకూడదు. సొంత పని అని ఒక గడి ఉండాలి. నెలకు సుమారు ఎంత మిగులుతోందో అడిగి రాయాలి. పై చదువు, అప్రెంటిస్‌షిప్, విదేశం, పని వెతుక్కుంటున్నారు, వెతకడం లేదు, ఇలా విడివిడి గడులు కావాలి. వాటన్నిటి చివర 'తెలియదు' అనే గడి తప్పకుండా ఉండాలి. మూడుసార్లు చేసినా ఫోన్ కలవకపోతే అక్కడే రాయాలి. 'తెలియదు' అని రాయడానికి గడి లేని ఫారం అబద్ధం రాయిస్తుంది.

అయిదో పని: మొత్తంలో మునిగిపోయినవారిని వెతకడం

సగటు చాలామందిని దాచేస్తుంది. పెర్కిన్స్ చట్టం ఫలితాలను స్త్రీపురుషులవారీగా, జాతులవారీగా విడగొట్టి చూపమంటుంది. దాంతోపాటు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన తొమ్మిది రకాల విద్యార్థులను చెబుతుంది. వైకల్యం ఉన్నవారు, పేద కుటుంబాలవారు, ఒంటరి తల్లిదండ్రులు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవారు, ఇల్లు లేనివారు, ఫోస్టర్ కేర్‌లో ఉన్నవారు లేదా అక్కడి నుంచి వయసు దాటి బయటికి వచ్చినవారు, సైన్యంలో పనిచేసేవారి పిల్లలు, ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగాలకు దూరమైనవారు, తమ లింగానికి అలవాటు లేని వృత్తికి సిద్ధమవుతున్నవారు. ఈ చివరిదానికీ స్పష్టమైన కొలత ఉంది. ఒక వృత్తిలో స్త్రీలో పురుషులో 25 శాతం కంటే తక్కువగా ఉంటే, ఆ తక్కువ ఉన్నవారికి అది అలవాటు లేని వృత్తి.

మన వర్క్‌షాపుల్లో ఈ కొలతతో చూడాల్సింది చాలా ఉంది. ఎలక్ట్రీషియన్‌లో, ఫిట్టర్‌లో, వెల్డర్‌లో ఎంతమంది అమ్మాయిలు చేరారు? చేరినవారిలో ఎంతమంది పూర్తి చేశారు? మొదటి ప్రశ్నకు మంచి జవాబు, రెండోదానికి చెడ్డ జవాబు వస్తే చూడాల్సింది వర్క్‌షాపు వైపు. ఆడపిల్లలకు బాత్‌రూం ఉందా, సరిపోయే సైజులో సేఫ్టీ షూ ఉన్నాయా, ఓజేటీకి పంపిన చోట రాత్రి షిఫ్ట్ వేశారా? ఇరవై మంది మొత్తం మీద తీసిన శాతంలో ఇవేవీ కనిపించవు.

విడగొట్టేకొద్దీ ఒక ప్రమాదం పెరుగుతుంది. ట్రేడ్‌లో ఒక్కతే అమ్మాయి ఉంటే "అమ్మాయిల్లో సున్నా శాతం పాస్" అని నోటీసు బోర్డు మీద పెట్టడం ఆమె మార్కులు ఊరందరికీ చెప్పడమే. అమెరికాలో విద్యార్థి రికార్డుల గోప్యతకు 1974లోనే ఫెర్పా అనే చట్టం వచ్చింది. అక్కడ బయటికి ఇచ్చే నివేదికల్లో ఒక గుంపులో మరీ తక్కువమంది ఉంటే ఆ అంకెను దాచిపెడతారు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని అది పిల్లలుగా గుర్తిస్తుంది. ఐటీఐలో పద్నాలుగేళ్లకే చేరవచ్చు కాబట్టి ఈ సంగతి ఇన్‌స్ట్రక్టర్లకు బాగా గుర్తుండాలి.

చేతలో ఇది చాలా చిన్న జాగ్రత్త. పేర్లు, ఆధార్ నంబర్లు, కులం, ఫోన్లు ఉన్న ఎక్సెల్ షీటును రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు. పైవారు అడిగింది అంకె అయితే అంకే పంపాలి. పేర్లు కూడా అడిగితే, అడిగిన ఆఫీసు మెయిల్‌కు పాస్‌వర్డ్ పెట్టి పంపాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో అప్‌లోడ్ చేస్తే, లేచేముందు ఆ కంప్యూటర్‌లో ఫైల్ తీసేయాలి.

ఆరో పని: పంపేముందు చదవడం

కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. శిక్షణ పొందినట్టు నమోదైన సుమారు 95.9 లక్షల మంది వివరాలను ఆడిటర్లు పరిశీలించారు. అందులో 94 శాతానికి పైగా మందికి బ్యాంకు ఖాతా ఉండాల్సిన గడిలో సున్నాలో, 'నల్' అనో, 'ఎన్.ఏ.' అనో ఉంది, లేదా ఖాళీగా ఉంది. మిగిలినవాటిలోనూ ఒకే ఖాతా నంబరు పలువురికి కనిపించింది. శిక్షణ పొందినవారిని నేరుగా పలకరించాలని ఆడిటర్లు పంపిన ఈమెయిళ్లలో మూడో వంతుకు పైగా చేరనే లేదు.

గడి నిండకపోతే పోర్టల్ ముందుకు కదలదు. గడువు దగ్గరపడుతుంది. సర్వర్ ఆగి ఆగి నడుస్తుంది. ఎవరో ఒకరు వరసగా ఒకట్లు కొట్టి 'సబ్‌మిట్' నొక్కుతారు. ఆ క్షణానికి పని అయిపోయినట్టే ఉంటుంది. డబ్బు నేరుగా ఖాతాలో వేయాల్సిన రోజున ఆ విద్యార్థిని వెతికి పట్టుకునే దారి ఉండదు.

అందుకని పంపేముందు అరగంట పెట్టి అయిదు తనిఖీలు చేయాలి. ఫోన్ కాలమ్‌ను వరసక్రమంలో పెడితే రెండుసార్లు వచ్చిన నంబర్లు పక్కపక్కకు చేరతాయి. పుట్టిన తేదీల్లో అన్నీ జనవరి ఒకటో, జూన్ ఒకటో అయితే మెమోలతో మళ్లీ చూసుకోవాలి. అమ్మాయిలు, అబ్బాయిల సంఖ్య కూడితే మొత్తం రావాలి. పాసైనవారు పరీక్ష రాసినవారికంటే ఎక్కువ ఉండకూడదు. చివరగా, కిందటేడు పంపిన రిపోర్టును పక్కన పెట్టుకుని చూడాలి. కిందటేడు 40 ఉన్నది ఈసారి 90 అయితే, ఎందుకయిందో చెప్పగలిగి ఉండాలి. ఇవన్నీ నింపినవారు చేస్తే సరిపోదు. ఫిట్టర్ షీటును వెల్డర్ ఇన్‌స్ట్రక్టర్ చూడాలి, వెల్డర్ షీటును ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్ చూడాలి. మన తప్పు మన కంటికి కనపడదు, పక్కవాడికి వెంటనే కనపడుతుంది.

పంపిన రిపోర్టు కాపీ, దానికి ఆధారమైన షీటు, తేదీతో ఒకే ఫోల్డర్‌లో దాచాలి. ఇన్‌స్ట్రక్టర్ బదిలీ అయినా వచ్చే ఏడాది ఎవరైనా అదే లెక్కను మళ్లీ వేయగలగాలి.

ఏడో పని: అంకెను వర్క్‌షాపుకు తిరిగి తేవడం

పెర్కిన్స్ నిధులు తీసుకునే ప్రతి స్థానిక సంస్థా కనీసం రెండేళ్లకోసారి తన అవసరాలను తానే మదింపు వేసుకోవాలి. ఆ కూర్చునేవారిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు, స్థానిక పరిశ్రమలవారు అందరూ ఉంటారు. అంగీకరించిన లక్ష్యంలో ఏ కొలమానంలోనైనా 90 శాతం కూడా అందుకోలేకపోతే దిద్దుబాటు ప్రణాళిక రాయాలి. రాష్ట్రాలు ఏడాదికోసారి కేంద్ర విద్యాశాఖకు సమగ్ర వార్షిక నివేదిక పంపుతాయి. అంకె పైకి వెళ్తుంది, దానితోపాటు కిందికి కూడా వస్తుంది.

మన దగ్గర చాలాచోట్ల అంకెలు పైకే వెళ్తాయి. నింపినవారి చేతికి తిరిగి రావు. అందుకే నింపడం బరువుగా అనిపిస్తుంది. దీన్ని మార్చడానికి జీవో అక్కర్లేదు. ఏడాదికి ఒక మధ్యాహ్నం చాలు. స్టాఫ్, మేనేజ్‌మెంట్ కమిటీలోని పరిశ్రమ ప్రతినిధి, ఇద్దరు పాత విద్యార్థులు, ఇద్దరు తల్లిదండ్రులు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, ట్రేడ్‌కు ఒక పేజీ చొప్పున చదువుకోవాలి.

ఎలక్ట్రీషియన్ పేజీ ఇలా ఉంటుంది. చేరినవారు 20. మానేసినవారు 4, అందులో ముగ్గురి పక్కన ఒకే కారణం: ఉదయం బస్సు తొమ్మిదిన్నరకు గానీ రాదు, మొదటి క్లాసు అప్పటికే అయిపోతుంది. పరీక్ష రాసినవారు 16, పాసైనవారు 12. తప్పిన నలుగురిలో ముగ్గురు ప్రాక్టికల్ పాసై థియరీ తప్పారు. పనిలో ఉన్నవారు 9, ట్రేడ్ పనిలో 4. పాలిటెక్నిక్‌లో చేరినవారు 1, ఖాళీగా ఉన్నవారు 1, తెలియనివారు 1.

ఈ పేజీ చదివితే చేయాల్సిన పనులు వాటంతట అవే బయటికొస్తాయి. డిపో మేనేజర్‌కు బస్సు టైమింగ్ మార్చమని ఉత్తరం రాయాలి. అది అయ్యేదాకా మొదటి గంటలో థియరీ బదులు ప్రాక్టికల్ పెట్టాలి. థియరీకి సాయంత్రం అరగంట అదనంగా తెలుగులో చెప్పాలి. ప్యాకింగ్‌లో పెట్టిన కంపెనీతో ప్రిన్సిపాల్ ఒకసారి మాట్లాడాలి. ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో పేజీ అడుగున పేర్లతో రాసుకుని అందరూ లేస్తారు.

ఇన్‌స్ట్రక్టర్ ఆ పేజీని మడిచి రిజిస్టర్‌లో పెట్టుకుంటాడు. పన్నెండో పేరు పక్కన పెన్సిల్‌తో 'తెలియదు' అని ఉంది. కువైట్ వెళ్తానన్న కుర్రాడు. విద్యార్థి నంబరు స్విచ్ఛాఫ్, నాన్నది పనిచేయడం లేదు. మూడో నంబరు బ్యాచ్‌మేట్‌ది, ఆ అబ్బాయికి ఈ వారం రాత్రి షిఫ్ట్. ఆదివారం ఏడున్నరకు మళ్లీ చేయాలి.